డాబా ఎక్కితేనే సిగ్నల్... ఇంట్లో అనుమానం. ఆంధ్రా నంబర్ వదులుకోవాలా?

ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ వైపు ఒక పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. పుట్టిల్లు ఉద్దానంలో, పలాస దగ్గర. పెళ్లయి రెండేళ్లయింది. భర్త పర్లాకిమిడిలో బట్టల కొట్లో పనిచేస్తారు, పొద్దున వెళ్తే మళ్లీ రాత్రికే ఇల్లు చేరడం. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారు, ఆమె. ఆమెకు కుట్టుపని వచ్చు. జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతారు. పాతపట్నం నుంచి, పుట్టింటి వైపు నుంచి వాట్సాప్‌లో కొలతలు, డిజైన్లు పంపి కుట్టించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లందరి దగ్గరా ఉన్నది ఆమె పాత ఆంధ్రా నంబరే.

చిక్కంతా ఆ ఫోన్‌తోనే వచ్చింది. ఇంట్లో ఒక గీత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. డాబా మీద వంశధార వైపు మూలకు వెళ్తే చక్కగా వినిపిస్తుంది. తల్లి పలాసలో డయాలసిస్ చేయించుకుంటారు. ఆ రోజుల్లో పక్కింటివాళ్లు ఫోన్ చేసి ఎలా ఉందో చెబుతారు కాబట్టి ఈమె డాబా మీదే ఉండాలి. దుబాయ్‌లో ఉన్న అన్నయ్య డ్యూటీ దిగి మాట్లాడేసరికి మనకు రాత్రి పదిన్నర దాటుతుంది. అప్పుడూ డాబాయే. "పగలూ రాత్రీ డాబా మీద ఎవరితో గుసగుసలు?" అని అత్తగారు మొదట ఇంట్లో అన్నారు, తర్వాత చుట్టాల ముందు కూడా అన్నారు. భర్త ఆమెను ఏమీ అనలేదు, కానీ వెనకేసుకురానూ లేదు. "ఆ ఆంధ్రా సిమ్ పడేసి ఇక్కడి సిమ్ తీసుకో. రోమింగ్ ఖర్చు తగ్గుతుంది, ఇంట్లో గొడవా తగ్గుతుంది. నా సిమ్ వంటింట్లో కూడా పనిచేస్తోంది కదా" అన్నారట. ఆయనది ఒడిశా నంబర్, వేరే కంపెనీది.

ఉత్తరంలో ఇంకో మూడు వివరాలు ఉన్నాయి. ఫోన్ అన్నయ్య దుబాయ్‌లో కొని తెచ్చిచ్చింది. కాల్ మాట్లాడుతున్నంతసేపు పైన 4జీ గుర్తు పోయి ఇంగ్లిష్ అక్షరం 'ఈ' (E) వస్తుంది, వాట్సాప్ ఆగిపోతుంది. ఇక ఆ సిమ్ ఆమె తండ్రి తన పేరు మీద తీసుకుని కూతురికి ఇచ్చింది. పెళ్లికి ముందే ఆయన చనిపోయారు. "నంబర్ వదిలేయాలా, ఫోన్ మార్చాలా, లేక వాళ్లతో పోట్లాడాలా? ఏం చేసినా తప్పు నాదే అయ్యేట్టుంది" అని ముగించారు.

అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. ఇందులో మీ తప్పేమీ లేదు. ఇంట్లో సిగ్నల్ లేనివాళ్లు సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి మాట్లాడతారు. జబ్బుతో ఉన్న తల్లి కోసం ఏ కూతురైనా అదే చేస్తుంది. మీ ఇంట్లో సిగ్నల్ గొడవ, అనుమానం గొడవ రెండూ కలిసిపోయి ఒకే సమస్యలా కనిపిస్తున్నాయి. మీ ఆయన సిమ్ మారిస్తే రెండూ తీరతాయనుకుంటున్నారు. నాకైతే అలా అనిపించడం లేదు. సిగ్నల్ సంగతి తేలిక, పరీక్ష చేసి తేల్చుకోవచ్చు. దాంతోనే మొదలుపెడదాం.

రోమింగ్ ఖర్చు అన్నది ఇప్పుడు లేని భయం. మీ అత్తగారికి, మీ ఆయనకు ఆ భయం ఉండటంలో ఆశ్చర్యం లేదు. సరిహద్దు పల్లెల్లో ఇంట్లో కూర్చున్న మనిషి ఫోన్ అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుని బ్యాలెన్స్ కోసేసిన రోజులు వాళ్లు చూశారు. 2015 మే నుంచి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిమితి తగ్గించాక కూడా రోమింగ్‌లో వచ్చే కాల్‌కి నిమిషానికి 45 పైసల దాకా, చేసే లోకల్ కాల్‌కి 80 పైసల దాకా తీసుకునే వీలుండేది. ఇప్పుడు మనం వేయించే అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో దేశంలో ఎక్కడున్నా కాల్స్‌కి అదనంగా ఏమీ పడదు. మీ ఆంధ్రా నంబర్ ఒడిశాలో వాడటానికి ఒక్క పైసా ఎక్కువ కట్టడం లేదు. మీ రీఛార్జ్ మెసేజ్ ఒకసారి మీ ఆయనకు చూపిస్తే ఈ మాట ఇక రాదు.

అసలు విషయం ఇది. మన దేశంలో మొబైల్ సేవలను 22 సర్కిళ్లుగా విడగొట్టారు. 2014లో రాష్ట్రం రెండైనా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఒడిశా వేరే సర్కిల్. సిమ్ ఏ సర్కిల్‌దైనా మీరున్న చోట అదే కంపెనీకి ఉన్న టవర్‌నే వాడుకుంటుంది. అంటే మీ కంపెనీలోనే ఒడిశా సిమ్ కొత్తగా తీసుకున్నంత మాత్రాన మీ వంటింట్లోకి కొత్త టవర్ రాదు. మీ ఆయన ఫోన్ వంటింట్లో పనిచేయడానికి కారణం అది ఒడిశా సిమ్ కావడం కాదు. ఆయన కంపెనీ టవర్ మీ ఊరికి దగ్గరలో ఉండి ఉండాలి, లేదా ఆయన ఫోన్ మీ ఫోన్ కంటే ఆ సిగ్నల్‌ని బాగా పట్టుకుంటూ ఉండాలి. ఈ రెండింటిలో ఏదో తెలియకుండా నంబర్ వదిలేయడం తొందరపాటు అవుతుంది.

మీ డాబా మూల గురించి చదవగానే నాకు ఒక అనుమానం వచ్చింది. ఆ మూల వంశధార వైపు ఉంది. ఏటి అవతల కొత్తూరు వైపు అంతా ఆంధ్రా. ఫోన్‌ని ఆటోమేటిక్‌లో వదిలేస్తే సిమ్ ముందుగా తన సొంత సర్కిల్ నెట్‌వర్క్ కోసం వెతుకుతుంది. అది బలహీనంగా ఉన్నా, పనికొచ్చేంత ఉంటే చాలు, దాన్నే పట్టుకుంటుంది. వదిలేసినా కాసేపటికోసారి మళ్లీ వెతుకుతుంది. అన్ని కంపెనీలూ దీన్ని ఒకేలా అమర్చవు కానీ సరిహద్దులో ఇది తరచుగా కనిపించేదే. మీ ఫోన్ పక్కనే ఉన్న ఒడిశా టవర్‌ని కాదని ఏటి అవతలి ఆంధ్రా టవర్ కోసం పాకులాడుతూ ఉండొచ్చు. గోడల మధ్య ఆ సిగ్నల్ అందదు, డాబా మీద అడ్డం లేదు కాబట్టి అందుతుంది.

దీన్ని పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. ఇంట్లోనే కూర్చుని సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కి వెళ్లండి. నెట్‌వర్క్ ఆపరేటర్ అనో, నెట్‌వర్క్ ఎంపిక అనో ఉంటుంది. అందులో ఆటోమేటిక్ తీసేస్తే ఫోన్ ఒకట్రెండు నిమిషాలు వెతికి దొరికిన నెట్‌వర్క్‌ల జాబితా ఇస్తుంది. మీ కంపెనీ పేరు రెండుసార్లు కనిపిస్తే రెండోదాన్ని ఎంచుకుని చూడండి. దాంతో పాటు డేటా రోమింగ్ అనే మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆంధ్రా సిమ్ ఒడిశాలో ఉన్నప్పుడు చాలా ఫోన్లలో ఇది ఆఫ్‌లో ఉంటే కాల్స్ వస్తాయి గానీ నెట్ రాదు. డేటా రోమింగ్ అంటే బిల్లు వాచిపోతుందన్న భయంతో చాలామంది దాన్ని ముట్టుకోరు. దేశం లోపల మీ ప్యాక్ డేటానే ఖర్చవుతుంది, భయం అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఇలా చేత్తో ఎంచుకుంటే పలాస వెళ్లినప్పుడు మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చడం గుర్తుంచుకోవాలి. లేకపోతే అమ్మగారి పక్కన కూర్చునే ఫోన్ నో సర్వీస్ అంటుంది.

ఇది పనిచేస్తే మీ ఫోన్ కథ సగం అక్కడే తీరిపోతుంది. పనిచేయకపోతే రెండో పరీక్ష. ఆదివారం మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఆయన సిమ్ మీ ఫోన్‌లో, మీ సిమ్ ఆయన ఫోన్‌లో ఒక అరగంట పెట్టి చూడండి. వంటింట్లో నిలబడి ఒక కాల్ చేయండి, ఒక కాల్ తీసుకోండి. ఆ అరగంట ఇద్దరూ ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి తెరవకండి, సిమ్ మారిందని మళ్లీ మొదటి నుంచి నమోదు చేయమంటాయి. మీ సిమ్ ఆయన ఫోన్‌లో వంటింట్లో పనిచేస్తే లోపం మీ ఫోన్‌ది. ఆయన సిమ్ కూడా మీ ఫోన్‌లో తడబడితే అప్పుడూ లోపం ఫోన్‌దే. ఆయన సిమ్ మీ ఫోన్‌లో హాయిగా పనిచేసి, మీది ఆయన ఫోన్‌లో పనిచేయకపోతే మీ కంపెనీ టవర్ దూరమని అర్థం.

ఫోన్‌దే లోపమని నాకు ఎక్కువగా అనిపిస్తోంది. కాల్ వచ్చినప్పుడు 4జీ పోయి 'ఈ' (E) అక్షరం వస్తుందన్నారు కదా. ఆ 'ఈ' అంటే మీ కాల్ 2జీలోకి దిగిపోయిందని. మామూలుగా ఇప్పటి ఫోన్లు 4జీ మీదే కాల్ నడుపుతాయి, దాన్నే వోల్టీఈ అంటారు. బయటి దేశాల్లో అమ్మే కొన్ని ఫోన్లలో మన కంపెనీల వోల్టీఈ పనిచేసేలా సాఫ్ట్‌వేర్ అమర్చి ఉండదు. ఫోన్ మంచిదే, ఖరీదైనదే, కెమెరా అద్భుతంగా ఉంటుంది, కానీ ఇక్కడ కాల్‌కి 2జీ మీదే ఆధారపడుతుంది. మీ ఫోన్ సిమ్ సెట్టింగ్స్‌లో వోల్టీఈ అనే మీట ఉందేమో చూడండి. ఉండి ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. అసలు ఆ మీటే లేకపోతే నా అనుమానం నిజం.

ఇది ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, మీ ఆయన చెప్పినట్టు నంబర్ పడేసి కొత్త సిమ్ తెచ్చుకున్నారనుకోండి. అది జియో అయితే, జియోకి 2జీ, 3జీ లేవు, కాల్స్ అన్నీ వోల్టీఈ మీదే నడుస్తాయి. వోల్టీఈ లేని ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే నెట్ వస్తుంది, మామూలు కాల్ మాత్రం రాదు, పోదు. పాత నంబర్ పోయి, కొత్తది మోగక, అమ్మగారి దగ్గర నుంచి వచ్చే కాల్ ఎక్కడా అందని రోజు వస్తుంది. అందుకే ఏ సిమ్ కొన్నా ముందు ఆ కంపెనీ సిమ్ ఎవరిదైనా మీ ఫోన్‌లో పెట్టి కాల్ చేసి చూడాలి.

బ్యాండ్ల సంగతి కూడా ఉంది. ఒక్కో కంపెనీ ఒక్కో తరంగం మీద 4జీ ఇస్తుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలు దాటి ఇంట్లోకి వస్తాయి. 2300 లాంటివి వేగంగా ఉంటాయి గానీ గోడ దగ్గరే నీరసపడతాయి. గల్ఫ్ మోడల్ ఫోన్‌లో ఇక్కడి తక్కువ తరంగం బ్యాండ్ లేకపోతే ఇంట్లో ఒక గీతే మిగులుతుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లో పూర్తి మోడల్ నంబర్ ఉంటుంది. పేరు కాదు, చివర అక్షరాలతో సహా ఉండే నంబర్. దాన్ని తయారీదారు సైట్‌లో వెతికితే బ్యాండ్ల జాబితా వస్తుంది. జియో 850కి బ్యాండ్ 5 ఉండాలి, బీఎస్ఎన్ఎల్ 700కి బ్యాండ్ 28 ఉండాలి. బీఎస్ఎన్ఎల్ పేరు ఎందుకెత్తానంటే 2025 సెప్టెంబర్ 27న వాళ్ల స్వదేశీ 4జీని మీ ఒడిశాలోనే, ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించారు. నిన్నమొన్నటి దాకా ఆ సిమ్ అంటే నెట్ రాదనేవాళ్లు. ఇప్పుడు మీ పల్లెలో దాని పరిస్థితి ఏమిటో పక్కింటివాళ్ల ఫోన్‌లో చూడటం మంచిది. కొండల వైపు పల్లెల నుంచి ఇది చదివేవాళ్లకు ఇంకొక మాట. ప్రభుత్వ డిజిటల్ భారత్ నిధితో కట్టిన టవర్ల దగ్గర బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో ఎవరి సిమ్ ఉన్నా అక్కడున్న ఒక్క టవర్‌నే 4జీకి వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది.

పరీక్షలయ్యాక మీ ముందు కొన్ని దారులుంటాయి. ఒక్కోదాని వెనక ఏముందో చెబుతాను, ఎంచుకోవాల్సింది మీరు.

మొదటిది, ఇద్దరూ మధ్యేమార్గంగా ఒప్పుకునే రెండో సిమ్. మీ ఫోన్‌లో రెండు సిమ్‌లు పడితే మీ పాత నంబర్ ఒక దాంట్లో, మీ ఇంట్లో సిగ్నల్ బాగా ఉన్న కంపెనీ ఒడిశా సిమ్ రెండో దాంట్లో. కస్టమర్ల నంబర్ మారదు, బ్యాంకు నంబర్ మారదు. అమ్మగారికి, పక్కింటివాళ్లకు, ఆసుపత్రి వాళ్లకు రెండో నంబర్ కూడా ఇస్తే మీరు వంటింట్లో ఉన్నా అందుతారు. నష్టం రెండు రీఛార్జులు. దాన్ని తగ్గించే వీలుంది. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో కంపెనీలు డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాకులు కూడా పెట్టాయి. పాత నంబర్‌కి అలాంటి ఎక్కువ రోజుల ప్యాక్, కొత్తదానికి డేటా ప్యాక్ వేసుకోవచ్చు. వాట్సాప్ పాత నంబర్ మీదే ఉంటూ కొత్త సిమ్ డేటాతో నడుస్తుంది, దానికేం అడ్డం లేదు. ఆ కొత్త సిమ్ మీ ఆధార్‌తో, మీ పేరు మీదే తీసుకోండి. "నా పేరు మీద తెచ్చిస్తాలే" అని మీ ఆయన ప్రేమగానే అనొచ్చు. కానీ సిమ్ ఎవరి పేరున ఉంటే నంబర్ వాళ్లది. పోయినా, పాడైనా, మార్చాలన్నా ప్రతిసారీ వాళ్లే రావాలి.

రెండోది, అదే నంబర్‌ని వేరే కంపెనీకి మార్చడం. 2015 జులై నుంచి సర్కిల్ దాటి కూడా నంబర్ పోర్ట్ చేసుకోవచ్చు. అంటే మీ ఆంధ్రా నంబర్‌నే ఒడిశాలో ఇంకో కంపెనీ నంబర్‌గా చేసుకోవచ్చు, పది అంకెలూ అవే ఉంటాయి. పోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, నంబర్ రాసి 1900కి మెసేజ్ పంపితే ఒక కోడ్ వస్తుంది. అది 4 రోజులే చెల్లుతుంది. దాంతో కాశీనగర్‌లోనో పర్లాకిమిడిలోనో కొత్త కంపెనీ కొట్టుకి వెళ్లాలి. సర్కిల్ మారే పోర్ట్‌కి 5 పనిదినాలు పడుతుంది. కొత్త సిమ్ పనిచేయడం మొదలైన మొదటి రోజు మెసేజ్‌లు రాకపోవచ్చు కాబట్టి ఓటీపీ అవసరాలు ముందే చూసుకోవాలి. అమ్మగారి డయాలసిస్ రోజు మాత్రం వద్దు. ఒకసారి మారాక 90 రోజుల దాకా మళ్లీ మారే వీలుండదు కాబట్టి పరీక్ష చేయకుండా ఇందులో దిగితే మూడు నెలలు ఇరుక్కుంటారు.

కానీ దీనికి అడ్డం ఒకటుంది. అది మీరు ఉత్తరంలో పక్క వివరంలా రాసిన సంగతే. ఆ సిమ్ మీ నాన్నగారి పేరు మీద ఉంది. పేరు మీది కాకుండా పోర్ట్ మీ చేతుల్లో జరగదు. పేరు మార్పు దరఖాస్తు నడుస్తుండగా కూడా పోర్ట్ ఒప్పుకోరు. ఇంకా ముఖ్యమైంది, రేపు ఫోన్ పోయినా సిమ్ చెడిపోయినా డూప్లికేట్ సిమ్ మీకు ఇవ్వరు. మీ బ్యాంకు, అమ్మగారి బ్యాంకు, ఆసుపత్రి, కస్టమర్లు అన్నీ ఆ ఒక్క చిన్న ముక్క మీద ఆధారపడి ఉన్నాయి. మీరు ఏ దారి ఎంచుకున్నా ఆ సిమ్‌ని మీ పేరు మీదకు మార్చుకునే పని మాత్రం చేయాల్సిందేనని నా అభిప్రాయం.

మూడోది, ఇంటికి ఫైబర్ నెట్. కేబుల్ వాళ్లో, ఇంకెవరో మీ వీధి దాకా లైన్ ఇస్తున్నారేమో కనుక్కోండి. వైఫై ఉంటే వాట్సాప్ కాల్స్, అన్నయ్య కాల్స్ గదిలోనే వస్తాయి. ఫోన్ ఒప్పుకుంటే మామూలు కాల్స్ కూడా వైఫై మీద వస్తాయి. కాకపోతే వోల్టీఈ లేని ఫోన్ వైఫై కాలింగ్‌కి కూడా సాధారణంగా ఒప్పుకోదు. నెలనెలా ఖర్చు, కరెంటు పోతే ఆగడం కూడా ఉన్నాయి. కుట్టుపని పెంచుకునే ఆలోచన ఉంటే అప్పుడు లెక్క వేసుకోండి.

నాలుగోది ఫోన్ మార్చడం. అన్నయ్య కష్టపడి కొనిచ్చింది, మార్చమంటే మీ మనసు ఒప్పుకోదని తెలుసు. మార్చాల్సిన పని లేదు. మన దేశంలో అమ్మే మామూలు 4జీ కీప్యాడ్ ఫోన్ ఒకటి తక్కువ ధరలో దొరుకుతుంది. సిమ్ అందులో వేసి కాల్స్‌కి వాడి, అన్నయ్య ఫోన్‌ని వైఫైతోనో, రెండో సిమ్ డేటాతోనో వాట్సాప్‌కి, డిజైన్లకి ఉంచుకోవచ్చు. రెండు ఫోన్లు చూసుకోవాలి, ఛార్జింగ్ పెట్టుకోవాలి, అదే ఇబ్బంది.

ఇక నంబర్ పూర్తిగా వదిలేయడం. మీకు నచ్చితే అది కూడా చేయొచ్చు, కానీ ఇలా ఉంటుంది. రీఛార్జ్ ఆపేసిన నంబర్ కొన్నాళ్లకు రద్దవుతుంది. రద్దయిన 90 రోజుల తర్వాత కంపెనీ దాన్ని ఇంకెవరికైనా ఇచ్చేయొచ్చు. అప్పటికి మీ ఆధార్‌లో, మీ బ్యాంకులో, అమ్మగారి బ్యాంకులో, గ్యాస్‌లో, ఆసుపత్రి రిజిస్టర్‌లో నంబర్ మారకపోతే ఆ ఓటీపీలు, ఆ ఆసుపత్రి కాల్స్ ఎవరో తెలియని మనిషికి వెళ్తాయి. అమ్మగారి బ్యాంకు నంబర్ మార్చాలంటే డయాలసిస్ మనిషిని బ్యాంకుకి తీసుకెళ్లాలి. వదిలేయాలనుకున్నా ఆరు నెలలు రెండు నంబర్లూ నడిపి, అన్నీ మార్చాక వదలండి. గొడవ చల్లారాలని ఒక సాయంత్రం కోపంలో సిమ్ తీసి పారేయకండి.

ఇప్పుడు ఇంటి సంగతి. సిగ్నల్ వంటింట్లోకి వచ్చినా అత్తగారి అనుమానం దానంతటది పోతుందని నేననుకోను. డాబా ఎక్కడం ఆగితే తలుపు వేసుకుని మాట్లాడుతోందంటారు. అందుకని ఆమెకు నిరూపించుకోవడానికి ఫోన్ చేతికివ్వడం, మాట్లాడేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోవడం లాంటివి చేయవద్దని చెబుతాను. అమ్మతో, అన్నతో మీరు ఒంటరిగా మాట్లాడుకోవడం తప్పు కాదు. అందులో అమ్మ జబ్బు గురించి, డబ్బు గురించి, బహుశా ఈ ఇంటి గురించి కూడా మాటలుంటాయి. ఒకసారి ఫోన్ అప్పగిస్తే అది రోజువారీ అలవాటవుతుంది. తర్వాత వద్దంటే అదే పెద్ద తప్పులా కనిపిస్తుంది.

అయితే మీ అత్తగారిని దుర్మార్గురాలిగా కూడా చూడకండి. కొడుకు రోజంతా బయట, కోడలు డాబా మీద, ఆమె కింద ఒంటరిగా. మీ అమ్మగారి పరిస్థితి ఆమెకు ఎంతవరకు తెలుసు? ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. డయాలసిస్ అంటే ఏమిటో, ఎన్ని గంటలు పడుతుందో, ఆ రోజు మీకెందుకు కాళ్లూ చేతులూ ఆడవో తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పారా? చెప్పకపోయి ఉంటే చెప్పండి. అమ్మగారు ఓపికగా ఉన్న రోజు వీడియో కాల్‌లో ఇద్దరినీ కాసేపు మాట్లాడించండి. వియ్యపురాళ్లు కష్టసుఖాలు పంచుకుంటే ఆమె మెత్తబడొచ్చు. మెత్తబడకపోనూ వచ్చు. రెండింటికీ సిద్ధపడండి.

మీ ఆయనతో మాట మాత్రం తప్పదు. ఆయన గొడవ లేకుండా బతకాలనుకునే మనిషిలా ఉన్నారు. అలాంటివాళ్లు ఇంట్లో ఎవరు తగ్గుతారో వాళ్లనే ఇంకొంచెం తగ్గమంటారు. ఆయన్ని అమ్మా పెళ్లామా అని నిలదీస్తే నోరు విప్పరు. దానికి బదులు ఆదివారం సిమ్‌లు మార్చి చూసే పనిలో ఆయన్ని కూర్చోబెట్టండి. నెట్‌వర్క్ వెతికే పనీ ఆయన చేతే చేయించండి. మీ ఫోన్ ఇంట్లో ఎందుకు పనిచేయదో తన కళ్లతో చూశాక, చుట్టాల ముందు అత్తగారు ఆ మాటంటే "దానికి ఇంట్లో సిగ్నల్ రాదమ్మా, నేనే చూశాను" అని ఆయన అనగలరు. ఆ ఒక్క మాట ఆయన నోట రావాలని మీరు స్పష్టంగా అడగండి. కోరుకుంటే సరిపోదు, అడగాలి. నలుగురిలో మీ పరువు పోయే మాట వచ్చినప్పుడు మౌనంగా ఉండటం మీకెంత బాధ కలిగించిందో కూడా అప్పుడే చెప్పండి.

ఆయన అన్నీ చూసి కూడా "ఏదైతేనేం, నంబర్ వదిలేయ్" అంటే అది ఇక సిగ్నల్ సంగతి కాదు. మీ పుట్టింటితో, మీ సంపాదనతో మీకున్న దారి మూయమని అడుగుతున్నట్టు. అప్పుడు ఒప్పుకుంటే కొన్నాళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉండొచ్చు, కానీ కస్టమర్లు పోతారు, అమ్మగారి కాల్స్ అందవు, తర్వాత కోరిక ఇంకోటి వస్తుంది. ఒప్పుకోకపోతే కొన్నాళ్లు ముభావంగా ఉంటారు. అన్నయ్యకో, ఇద్దరికీ గౌరవం ఉన్న పెద్దవాళ్లకో విషయం ముందే తెలిసి ఉండటం మంచిది. నేనైతే ఒప్పుకోవద్దనే అంటాను. ఆ మాట ఎంత నెమ్మదిగా చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీకే బాగా తెలుసు.

ఈలోగా కంపెనీకి ఫిర్యాదు కూడా పెట్టండి. 198కి కాల్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుని నంబర్ ఇస్తారు, రాసిపెట్టుకోండి. కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను సైట్‌లో పెట్టాలన్న నిబంధన 2024లో వచ్చింది. మీ ఊరు అందులో కవరేజీ ఉన్నట్టు చూపిస్తూ ఇంట్లో రాకపోతే ఆ సంగతి ఫిర్యాదులో చెప్పండి. టవర్ రేపే వస్తుందని కాదు, ఒకే ఊరి నుంచి పదిమంది అడిగితే చూస్తారు. మీ వీధిలో అదే కంపెనీ సిమ్ ఉన్నవాళ్లను కూడా పెట్టమనండి.

పేరు మార్పు పనికి మీరు ఈసారి అమ్మగారిని చూడటానికి పలాస వెళ్లినప్పుడు అక్కడి కంపెనీ స్టోర్‌కే వెళ్లండి. సిమ్ ఆంధ్రా సర్కిల్‌ది కాబట్టి అక్కడే తేలిక. నాన్నగారి మరణ ధృవీకరణ పత్రం, మీ ఆధార్, ఆయన కూతురని తెలిపే కాగితం ఏదైనా తీసుకెళ్లండి. అమ్మగారి, అన్నయ్య సమ్మతి కూడా అడగొచ్చు, అన్నయ్య దుబాయ్ నుంచి సంతకం చేసిన కాగితం స్కాన్ పంపితే ఒప్పుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లిన రోజు సిమ్ కూడా మార్చి కొత్తది ఇస్తే తర్వాత 7 రోజుల దాకా పోర్ట్ కోడ్ రాదు, అది గుర్తుంచుకుని తర్వాతి పని పెట్టుకోండి. పేరు మీ మీదకు వచ్చిందని మెసేజ్ వచ్చేదాకా ఆ నంబర్ రీఛార్జ్ ఒక్క రోజు కూడా ఆగనివ్వకండి.